తనకంటూ ఒక రోజు: ఓడ దస్తరం నుంచి కువైట్ శుక్రవారం దాకా

పుట్టినరోజును గురించి చరిత్ర వ్యాసమేమిటని కొందరు చదువరులు ఆశ్చర్యపడవచ్చు. పట్టాభిషేకాలకూ యుద్ధాలకూ చరిత్ర ఉన్నట్లే, ఒక సామాన్యుడు తన జన్మదినాన ఉదయమే తలంటుకొని, తనకిష్టమైన వంట వండుకొని, కాసేపు ఏ పనీ లేకుండా కూర్చోగలగడానికీ ఒక చరిత్ర ఉంది. అందుకు మూడు కావాలి. తాను ఏనాడు పుట్టాడో తనకు తెలియాలి. ఆ నాడు తన చేతిలో ఉండాలి. ఆ నాటిని తనతోపాటు తలచుకొనే మనిషి ఒక్కరైనా ఉండాలి. ఈ మూడూ తెలుగువారికి అన్ని కాలాలలోను, అన్ని దేశాలలోను దక్కినవి కావు.

మేము మారిషస్ ద్వీపపు చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా వచ్చిన తెలుగువారి సంతతివారము. ఇంట్లో క్రియోల్, పగటి బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి, సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చి పెరిగాము. పెద్దయ్యాక పాఠాలు చెప్పడమే వృత్తిగా గడిపి విరమణ పొందాము. ఈ వ్యాసానికి కువైట్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఓడల కాలం ముగిసిన తరువాత శ్రమకోసం సముద్రం దాటిన తెలుగువారి ముఖ్య గమ్యాలలో అది ఒకటి. మా పూర్వికుల కథలో మొదటి అధ్యాయం మారిషస్ రేవులో ఉంటే, అటువంటిదే మరొక అధ్యాయం నేడు కువైట్ విమానాశ్రయంలో నడుస్తోంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, మన పిల్లలు ఏటా కొవ్వొత్తులు వెలిగించుకొనే ఆ చిన్న వేడుక విలువ తెలుస్తుంది.

పంచాంగంలో పుట్టినరోజు

ముందుగా మన పాత పద్ధతి. తెలుగువారికి పుట్టినరోజు అంటే మాసము, పక్షము, తిథి. తిథి అంటే చంద్రుని గమనాన్ని బట్టి లెక్కించే రోజు. చైత్ర శుద్ధ నవమినాడు పుట్టినవారికి ప్రతి సంవత్సరమూ ఆ నవమియే జన్మదినం. కొన్ని కుటుంబాలు తిథికి బదులు జన్మనక్షత్రాన్ని పాటిస్తాయి. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కనుక, మూడేళ్ళకు కొంచెం ముందుగా ఒక అధికమాసాన్ని చేర్చి ఋతువులతో పొత్తు కుదుర్చుకొంటాం. అందువల్ల ఇంగ్లీషు తేదీలలో మన పుట్టినరోజు ముందుకూ వెనుకకూ జరుగుతుంది గాని, పుట్టిన ఋతువును విడిచిపోదు. మామిడిపూత కాలంలో పుట్టినవారు ఎంత వయసు వచ్చినా మామిడిపూత కాలంలోనే పుట్టినరోజు చేసుకొంటారు.

సంవత్సరాలకూ పేర్లున్నాయి. ప్రభవ మొదలు అక్షయ వరకు అరవై పేర్లు. 2025 ఉగాదితో విశ్వావసు వచ్చింది. అంతకు ముందు విశ్వావసు వచ్చినది 1965లో. పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ తిరిగి వచ్చినప్పుడు చేసుకొనేదే షష్టిపూర్తి. మనిషి జీవితంలో ఒక కాలచక్రం పూర్తిగా తిరిగినట్లు లెక్క.

ఆనాడు చేసే పనులు చాలా సామాన్యమైనవి. ఉదయాన నువ్వులనూనెతో తలంటు, కొత్తబట్ట, దీపం, పెద్దలకు నమస్కారం, పరమాన్నం. శాస్త్రం తెలిసిన ఇళ్ళలో ఏడుగురు చిరంజీవులను, అంటే అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాములను, వారితోపాటు మార్కండేయుని స్మరిస్తారు. బెల్లము, నువ్వులు కలిపిన పాలు కొద్దిగా దోసిట తీసుకొని తాగుతారు. పిలుపులూ విందులూ దీనికి తప్పనిసరి కావు. ఇంటిల్లిపాదీ కలిసి ఒక పూట నెమ్మదిగా గడపడమే ఇందులోని సారం. నేడు వైద్యులూ మనస్తత్వ శాస్త్రజ్ఞులూ మనసు పెట్టి గడిపే రోజు అని చెబుతున్నది మన అవ్వలకు తలంటుగానూ పరమాన్నంగానూ తెలుసు.

ఓడ దస్తరంలో వయస్సు

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మంది భారతీయ కూలీలతో మారిషస్ చేరింది. అక్కడినుంచి మొదలైన వలసలో సుమారు నాలుగున్నర లక్షల మంది ఆ ద్వీపంలో దిగారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరుమీదుగా వారిని కొరింగీలు అని పిలిచేవారు. కోరంగి 1839 నవంబరులో వచ్చిన ఉప్పెనలో ధ్వంసమైపోయింది గాని, ఆ ఊరి పేరు మాత్రం సముద్రం దాటి మా వంటివారికి జాతిపేరుగా నిలిచింది. పోర్ట్ లూయిస్‌లో వారు ఎక్కిన పదహారు రాతిమెట్లు నేటికీ ఉన్నాయి. ఆ ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మెట్లెక్కిన ప్రతి మనిషికీ గుమాస్తా ఒక సంఖ్య ఇచ్చేవాడు. ఆ సంఖ్య కింద పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, ఓడ పేరు రాసుకొనేవాడు. మోకాలో 1970లో స్థాపించిన మహాత్మా గాంధీ సంస్థలో ఆ దస్తరాలు భద్రంగా ఉన్నాయి. మా తరంవారు అనేకులు అక్కడికి వెళ్ళి తమ ముత్తాతల సంఖ్యలను వెదుక్కొన్నారు. వెదికినవారికి మొదట కొట్టవచ్చినట్లు కనబడే విషయం ఒకటుంది. ఆ వరుసలో వయస్సు ఉంది, పుట్టినరోజు లేదు. ఇరవై, ఇరవైరెండు, ముప్పై అని గుమాస్తా చూపుకు తోచిన అంకె ఉంది. యజమానికి కావలసినది ఆ చేతులు ఎన్నేళ్ళు పనిచేయగలవన్న అంచనా. ఏ మాసంలో, ఏ తిథినాడు ఆ మనిషి తల్లి ఒడిలోకి వచ్చాడన్నది తోటకు అక్కరలేని సంగతి.

తెలిసినా ఆ రోజును తనదిగా చేసుకొనే వీలు లేదు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే నియమం తోటలలో ఉండేది. ఆదివారం సెలవన్న మాటేగాని, ఆ ఉదయం కూడా పశువులకు మేత వేయడం, కొట్టాలు ఊడ్చడం వంటి వెట్టిపనులు తప్పేవి కావు. 1867 నాటి చట్టంతో, ఒప్పందం ముగిసినవారు కూడా తమ ఛాయాచిత్రం అంటించిన పాసు వెంట ఉంచుకొని తిరగవలసి వచ్చింది. 1871లో 9,401 మంది పాత వలసదారులు తమ కష్టాలను చెప్పుకొంటూ ఒక వినతిపత్రం సమర్పించారు. అడాల్ఫ్ ద ప్లేవిట్జ్ అనే తోటయజమాని వారికి అండగా నిలిచాడు. దాని ఫలితంగా రాజసంఘం విచారణ జరిగింది. మనిషి తన పగటిపూట మీద హక్కు అడగడమే ఆ వినతిపత్రపు సారమని మేము తరగతిలో పిల్లలకు చెప్పేవాళ్ళము.

ఇటువంటి స్థితిలో పుట్టినరోజులు ఎట్లా గుర్తుండేవి? తుఫానుల ద్వారా. 1892 ఏప్రిల్ 29న మారిషస్‌ను పెనుతుఫాను ఊడ్చివేసింది. మా ఇళ్ళలోని ముసలివాళ్ళు తమ వయస్సును ఆ తుఫానుకు ముందా, తరువాతా అని చెప్పేవారు. "గాలివాన వచ్చినప్పుడు నేను నడుస్తున్నానట" అనేది మా నాయనమ్మ. ఆమెకున్న జన్మపత్రిక అంతే. 1960 ఫిబ్రవరిలో కారోల్ తుఫాను వచ్చినప్పుడు పుట్టిన మా ఈడువారికి మాత్రం జనన ధ్రువపత్రాలున్నాయి. ఆ రెండు తుఫానుల మధ్య కాలంలో మా కుటుంబాలు సంఖ్య నుంచి తేదీకి చేరాయి. తిథిని మాత్రం దారిలో పోగొట్టుకొన్నాయి. రామభజనలు నిలిచాయి, అమ్మోరు పండుగ నిలిచింది, ఉగాది దేశానికంతకూ సెలవుదినం అయింది. పుట్టిన తిథి చెప్పగలవారు మాత్రం మా పల్లెలలో వేళ్ళమీద లెక్కించదగినంతమందే మిగిలారు.

పంతులుగారు రాసిన పుట్టినరోజు

స్వదేశంలో ఉండిపోయిన తెలుగువారికి ఈ చిక్కు లేదని అనుకోరాదు. జనన మరణాల నమోదుకు భారతదేశమంతటికీ వర్తించే చట్టం 1969లో వచ్చింది. చట్టం వచ్చినంతమాత్రాన ప్రతి పల్లెలోని ప్రతి పురుడూ పుస్తకానికెక్కలేదు. బిడ్డను బడిలో వేసేనాడు తండ్రిని పంతులుగారు పుట్టినతేదీ అడిగేవారు. "వాన పడ్డ మరునాడండీ, మా ఎర్రావు ఈనిన వారం" అన్న జవాబు హాజరుపట్టీలో రాయడానికి పనికిరాదు. అందువల్ల బిడ్డకు అయిదేళ్ళు నిండినట్లు లెక్క సరిపోయేలా జూన్ 1 అనో, జూలై 1 అనో రాసుకొనేవారు. బడులు తెరిచే కాలం అదే కదా. ఇప్పటికీ ఆంధ్ర, తెలంగాణలలో ఒక తరంవారి ధ్రువపత్రాలను వరుసగా పేర్చి చూస్తే, తెలుగుదేశంలో సగంమంది వానాకాలపు తొలిదినాలలోనే పుట్టారా అన్న అనుమానం కలుగుతుంది.

ఉపాధ్యాయులుగా ఆ పంతుళ్ళను మేము తప్పుపట్టలేము. పిల్లవాడు బడిలో కూర్చోవడం ముఖ్యం, తేదీ తరువాత. కాని బడిపుస్తకంలోని ఆ తేదీయే పదవతరగతి ధ్రువపత్రంలోకి, అక్కడినుంచి పాస్‌పోర్టులోకి, అక్కడినుంచి విదేశీ గుర్తింపుకార్డులోకి ప్రయాణించింది. ఈ విధంగా లక్షలాది తెలుగువారికి రెండు పుట్టినరోజులు ఏర్పడ్డాయి. ఒకటి అమ్మకు తెలిసినది. మరొకటి కాగితానికి తెలిసినది.

కోయిట్ దారి

ఇక కువైట్. చమురుకు పూర్వం అది ముత్యాల వేటకూ, ఓడల వర్తకానికీ పేరుపొందిన చిన్న రేవు. బొంబాయితో దాని వ్యాపారం ఎంత దగ్గరిదంటే, 1961లో సొంత దీనారు వచ్చేదాకా అక్కడ చలామణి అయినది రూపాయే. 1938లో బుర్గాన్ వద్ద చమురు బయటపడింది. 1946లో ఎగుమతి మొదలైంది. 1961 జూన్ 19న దేశం స్వతంత్రమైంది. దారులు, ఇళ్ళు, ఆసుపత్రులు కట్టడానికి, ఆ ఇళ్ళలో వండడానికి, కార్లు నడపడానికి మనుషులు కావలసివచ్చారు. నేడు అక్కడున్న విదేశీయులలో భారతీయులే అందరికంటె ఎక్కువ, దాదాపు పది లక్షలు.

వారిలో తెలుగువారు ముఖ్యంగా కడప, రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి, చిత్తూరు, నెల్లూరు ప్రాంతాలనుంచి, గోదావరి జిల్లాలనుంచి వెళ్ళినవారు. రాయలసీమ పల్లెలలో ఆ దేశం పేరు కోయిట్. పిల్లలకు బొమ్మ కావాలన్నా, ఇంటికి మిద్దె వేయాలన్నా, చెల్లెలి పెళ్ళి కావాలన్నా కోయిట్ మాట ఎత్తవలసిందే. పురుషులు ఎక్కువగా డ్రైవర్లుగా, నిర్మాణపు పనివారుగా వెళ్ళారు. ఇంటిపనికి స్త్రీలు వెళ్ళారు. భర్త ఊళ్ళో ఉండి భార్య సముద్రం దాటిన కుటుంబాలు ఆ ప్రాంతంలో అరుదు కావు. మా ఓడల కాలంలో స్త్రీలు తక్కువగా వచ్చారు. ఇక్కడ తల్లులే ముందు నడిచారు. ఇల్లు నిలబెట్టడానికి ఇల్లు విడవవలసి రావడం ఈ అధ్యాయంలోని విషాదం.

కువైట్‌లో నివసించే ప్రతివారికీ పన్నెండు అంకెల పౌరసంఖ్య ఉంటుంది. దానిని చదవడం పిల్లలు నేర్చుకోదగిన సంగతి. మొదటి అంకె శతాబ్దాన్ని చెబుతుంది. 1900లలో పుట్టినవారికి 2, 2000 తరువాత పుట్టినవారికి 3. ఆ తరువాతి ఆరు అంకెలు పుట్టిన సంవత్సరం, నెల, తేదీ. 1985 జూలై 1న పుట్టినట్లు కాగితం ఉన్నవారి సంఖ్య 2850701తో మొదలవుతుంది. ఆసుపత్రిలో, బ్యాంకులో, అకామా కార్యాలయంలో ఆ మనిషి తన పుట్టినరోజును అంకెలలో చెప్పుకొంటూనే ఉంటాడు. మా ముత్తాత సంఖ్యలో పుట్టినరోజు లేదు. వీరి సంఖ్య పుట్టినరోజుతోనే మొదలవుతుంది. అయితే ఆ తేదీ నిజంగా వారిదేనా అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఏ పల్లెబడిలోనో పంతులుగారు రాసిన జూలై 1, ఎడారి దేశంలో ఒక మనిషి పేరుకంటె గట్టి గుర్తు అయికూర్చుంది.

స్త్రీల విషయంలో ఇది మరింత బరువైన సంగతి. పదవతరగతి పూర్తిచేయనివారికి ఇచ్చే ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు మీద గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి ముప్పై ఏళ్ళు నిండి ఉండాలని భారత ప్రభుత్వ నియమం. వారిని కాపాడడానికి పెట్టిన నియమమే అది. కాని అవసరం తరుముతున్నప్పుడు ఇరవైనాలుగేళ్ళ తల్లికి కాగితంలో ముప్పై ఏళ్ళు వేయించే దళారులు పుట్టుకొచ్చారు. ఒక్క కలంపోటుతో ఆరేళ్ళ వయస్సు ఆమె మీద పడింది. ఆ పైన కువైట్ చట్టం ఇంటిపనివారి వయస్సు 21కి తగ్గరాదని, 60 దాటరాదని అంటుంది. ఆనాడు కలిపిన ఏళ్ళు చివర మళ్ళీ లెక్కకు వస్తాయి. ఒంట్లో ఓపిక ఉండగానే కాగితం ఆమెను ముసలిదానిని చేస్తుంది. పుట్టినతేదీ అన్నది ఆమెకు వేడుక కాక, దాచుకోవలసిన విషయమైపోయింది.

ఒక సెలవు రోజు చరిత్ర

తెలిసిన రోజు తన చేతిలో ఉండాలంటే సెలవు కావాలి. కువైట్‌లో శుక్రవారం ఆటవిడుపు. 2007 వరకు గురు, శుక్రవారాలు వారాంతంగా ఉండేవి. ఆ ఏడాది శుక్ర, శనివారాలకు మారాయి. కార్యాలయాలలో, కంపెనీలలో పనిచేసేవారికి ఇది నిశ్చయమైన సెలవు. ఇంటిపనివారికి అట్లా కాదు. తెలుగువారు ఇరవై నంబరు వీసా అని పిలిచేది వారిదే. వారి పని ఇంటి గోడల లోపల. ఆ గోడల లోపలికి గడియారం ఉంటుంది గాని, పని ముగిసే గంట కొట్టదు.

2015లో కువైట్ శాసనసభ ఇంటిపనివారి కోసం ప్రత్యేకంగా 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని ఉండరాదు. వారానికొక రోజు జీతంతో కూడిన విశ్రాంతి ఇవ్వాలి. ఏడాదికి ముప్పై రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. పనివారి అంగీకారం లేకుండా వారి పాస్‌పోర్టును, పౌరకార్డును యజమాని తన వద్ద ఉంచుకోరాదు. మరుసటి ఏడు కనీస వేతనం అరవై దీనారులుగా నిర్ణయించారు. గల్ఫ్ దేశాలలో ఇంటిపనివారి హక్కులను ఇంత స్పష్టంగా రాసిన తొలి చట్టాలలో అది ఒకటి. కాగితం మీది నియమం ప్రతి వంటగదిలోకీ చేరిందని చెప్పలేము. అయినా 1871లో మా పూర్వికులు వినతిపత్రంలో అడిగినది, 2015లో ఒక దేశపు చట్టంలో అక్షరాలుగా కనిపించింది. చరిత్ర చదివేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఆ సెలవు దొరికినవారి శుక్రవారాన్ని చూడాలంటే కువైట్ నగరంలోని మాలియాకు పోవాలి. సాయంత్రమయ్యేసరికి ఆ వీధులలో కడప మాట, కోనసీమ మాట కలిసి వినిపిస్తాయి. ఊరికి డబ్బు పంపేవారు, ఊరినుంచి వచ్చినవారి చేతికి అందిన పచ్చడిసీసా తీసుకొనేవారు, ఊరికే నిలబడి మాట్లాడుకొనేవారు అక్కడ కనిపిస్తారు. ఫర్వానియా, అబ్బాసియా, మంగాఫ్, ఫహాహీల్ వంటి చోట్ల అద్దెగదులలో ఆనాడు అందరూ కలిసి వండుకొంటారు. ఒక గదిలో ఎనిమిది పరుపులుంటే, ఆ ఎనిమిదిమందిలో ఎవరో ఒకరి పుట్టినరోజు ఏ శుక్రవారానికో దగ్గరపడుతుంది. అసలు తేదీ మంగళవారమైనా, వేడుక శుక్రవారానికే జరుగుతుంది. పనిచేసేవాడి పంచాంగంలో శుభతిథి అంటే సెలవురోజే.

తేదీని జరపడంలో తప్పేమీ లేదనడానికి కువైట్ దేశమే సాక్షి. స్వాతంత్ర్యం వచ్చినది జూన్ 19న. నడివేసవిలో ఆ ఎండకు ఊరేగింపులు సాగవు. కొద్ది సంవత్సరాలలోనే జాతీయ దినోత్సవాన్ని, షేక్ అబ్దుల్లా అల్ సాలిం 1950లో అధికారం చేపట్టిన ఫిబ్రవరి 25కు మార్చుకొన్నారు. అప్పుడు గాలి చల్లగా ఉంటుంది. వాన కురిసిన ఏడు ఎడారిలో పచ్చిక కూడా మొలుస్తుంది. ఒక దేశం తన పుట్టినరోజును మనుషులు సుఖంగా తిరగగలిగే ఋతువుకు మార్చుకొంది. ఎనిమిదిమంది గదివాళ్ళు మంగళవారాన్ని శుక్రవారానికి మార్చుకోవడం అటువంటిదే.

చిన్న పనుల పెద్ద రోజు

సెలవు కూడా దొరకనివారి మాటేమిటి? వారు చేసుకొనే పుట్టినరోజే మాకు అన్నిటికంటె గౌరవించదగినదిగా తోస్తుంది. ఒక మాదిరి ఉదయాన్ని చెప్పుకొందాం. కువైట్ గడియారం మన దేశపు గడియారానికి రెండున్నర గంటలు వెనుక. రాయచోటిలో పిల్లలు బడికి తయారయ్యే వేళకు అక్కడ ఇంకా చీకటి. యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని పిలుస్తూ వారి ఇంట వంటచేసే తల్లి, ఇల్లు లేవకముందే లేస్తుంది. ఫోనులో కూతురి గొంతు: "అమ్మా, ఈ పొద్దు నీ పుట్టినదినం. తలకు పోసుకుంటివా?" కూతురికి ఆ రోజు ఎట్లా తెలిసింది? అవ్వ చెప్పింది. కాగితంలో ఉన్నది వేరే తేదీ. నిజమైనది అవ్వ నోట బతికి ఉంది.

ఆ తల్లి చేసుకొనేవి చిన్న పనులే. గోరువెచ్చని నూనె నడినెత్తిన పెట్టుకోవడం. పెట్టెలో మడతపెట్టి ఉంచిన చీరను తీసి ఒకసారి చూసుకోవడం. దేవుని పటం ముందు కన్నుమూసి నిలబడడం. ఇంట్లోవారికి వండే పాలలోనుంచి, అడిగి, ఒక గిన్నెడు తీసుకొని బియ్యము, బెల్లము వేసి పాయసం కాచుకోవడం. అరగంట. ఆ అరగంటలో ఆమె ఖద్దామా కాదు, పన్నెండు అంకెలు కాదు. ఫలానా తల్లికి ఫలానా వానకాలంలో పుట్టిన బిడ్డ. ఎవరూ చప్పట్లు కొట్టకపోయినా ఆ పుట్టినరోజు పూర్తి అయింది. మన శాస్త్రం చెప్పిన తలంటు, దీపం, పెద్దల ఆశీస్సు, తీపి, నాలుగూ అందులో ఉన్నాయి.

స్వేచ్ఛ ఉన్నవారు దీనికి మరికొన్ని చేర్చుకొంటారు. తెల్లవారుజామున గల్ఫ్ రోడ్డు వెంబడి సముద్రపుటొడ్డున నడుస్తారు. ముబారకియా బజారులో మంచి ఖర్జూరం కొని స్నేహితులకు పంచుతారు. గోడమీది గంటల పంచాంగంలో తిథి చూసుకొంటారు. ఆ గోడలమీద ఇంకొక విచిత్రం ఉంది. కువైట్‌లోని తెలుగు ఇంట మూడు కాలాలు నడుస్తాయి. జీతానికి ఇంగ్లీషు నెల, రంజాను సెలవులకు హిజ్రీ నెల, పుట్టినరోజుకు తెలుగు మాసం. హిజ్రీలో అధికమాసం లేదు కనుక ఆ పండుగలు ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతూ అన్ని ఋతువులనూ చుట్టివస్తాయి. మన తిథి ఋతువును వదలదు. ఒకే చంద్రుని రెండు జాతులు రెండు తీరుల లెక్కించుకొన్నాయి. పిల్లలకు ఇంతకంటె మంచి గణితపాఠం మేము ఎరుగము. సూర్యోదయవేళ వేరు కనుక, కడపలో ఆనాడు ఉన్న తిథి కువైట్‌లో ఒక్కోసారి మారవచ్చునని కూడా చెప్పండి.

అన్నీ పోయిన ఏడు

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అక్కడి భారతీయులలో అధికులు చేతికందిన సంచితో బయలుదేరి, ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానాలలో బొంబాయికి వచ్చారు. ఎయిర్ ఇండియా 59 రోజులలో 488 విమానాలు నడిపి లక్షమందికి పైగా జనాన్ని తరలించింది. ఆ రెండు నెలలలో పుట్టినరోజు వచ్చినవారు ఎందరో ఉంటారు. గుడారాల మధ్య, నీళ్ళ వరుసలో నిలబడి ఆ రోజును దాటి ఉంటారు. ఇల్లు, జీతం, సామాను వెనుక ఉండిపోయాయి. 1991 ఫిబ్రవరి 26న కువైట్ విముక్తి పొందిన తరువాత మళ్ళీ వెళ్ళినవారిలో తెలుగువారు అనేకులు. బ్యాంకుపుస్తకాన్ని పోగొట్టుకొన్నవారు కూడా తల్లి చెప్పిన తిథిని పోగొట్టుకోలేదు. దానిని ఏ సరిహద్దులోనూ ఎవరూ తనిఖీ చేయలేదు.

మన ఇళ్ళకు నాలుగు పనులు

ఈ చరిత్రనుంచి మన కుటుంబాలు తీసుకోదగినవి నాలుగున్నాయని మేము భావిస్తాము.

మొదటిది, అడగండి. మీ అమ్మమ్మకు, నాయనమ్మకు, తాతయ్యకు ఫోను చేసి వారి అసలు పుట్టినరోజు అడగండి. తేదీ తెలియదంటే ఏ పంట కాలమో, ఏ పండుగ దగ్గరో, ఏ వరద వచ్చిన ఏడో అడగండి. చెప్పినది చెప్పినట్లు తెలుగులో రాయండి. తెలుగు నేర్చుకొనే పిల్లలకు ఇది మంచి రాతపని కూడా. మా ద్వీపంలో ఈ ప్రశ్న అడగవలసిన తరం అడగలేదు. జవాబు చెప్పగలవారు వెళ్ళిపోయారు. దస్తరం మాకు ఓడ పేరు చెప్పింది, ఎత్తు చెప్పింది, మోచేతిమీది మచ్చ కూడా చెప్పింది. వారు పుట్టిన రోజును చెప్పలేకపోయింది.

రెండవది, పిల్లల పుట్టినరోజులలో ఒక్కదానినైనా తిథి ప్రకారం, సందడి లేకుండా జరపండి. తలంటు, గుడి, పిల్లవాడు కోరిన ఒక వంట, సాయంత్రం నడక. ఆ పూట వాడు ఏది ఇష్టపడితే అది మీరు వాడితో కలిసి చేయండి. బొమ్మ వేయడమైతే బొమ్మ, గాలిపటమైతే గాలిపటం.

మూడవది, పెద్దలు తమ పుట్టినరోజును మరచిపోవడం త్యాగమని అనుకోకండి. తల్లి తన రోజును తాను ఆదరించుకోవడం చూసినప్పుడే కూతురు తన రోజును ఆదరించుకోవడం నేర్చుకొంటుంది. ఒక పూట పొయ్యి మరొకరికి అప్పగించి, ఇష్టమైన పుస్తకంతో కిటికీ దగ్గర కూర్చోండి.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. కువైట్‌లో గాని మరెక్కడ గాని, మీ ఇంట్లో పనిచేసే మనిషి ఉంటే ఆమె పుట్టినరోజు తెలుసుకోండి. కార్డులో ఉన్నది కాదు, ఆమె చెప్పినది. ఆ రోజు ఆమెకు సెలవు ఇవ్వండి. ఆమె ఫోను చేసుకొనే వేళకు ఇల్లు నిశ్శబ్దంగా ఉంచండి. గుడికి ఇచ్చే విరాళం కంటె ఇది తక్కువ పుణ్యమని మేము అనుకోము. ఒకప్పుడు మన తాతలకు ఈ ఒక్క రోజును ఇవ్వగల యజమానులు ఉన్నారు, ఇవ్వలేదు. నేడు ఇవ్వగలవారిలో మనమూ ఉన్నాము.